నాలుగు దినముల లిస్బన్

దూరపు కొండలు నునుపు అని సామెత. పటములలో చూచినప్పుడు ప్రతి నగరమును సుందరముగనే యుండును. అచ్చటికి పోయి నడచినప్పుడు గాని దాని ఎత్తుపల్లములు తెలియవు. దేశాటనము జ్ఞానమునకు మార్గమని పెద్దలు చెప్పుదురు. కాని తిరిగినంత మాత్రమున జ్ఞానము కలుగదు. ఏమి చూడవలెనో, ఏమి విడువవలెనో ముందుగా ఆలోచించుకొన్నవారికే యాత్ర ఫలించును. కాలము తక్కువగా నున్నప్పుడు చూచుటకంటె విడుచుటయే కష్టమైన పని. లిస్బన్ నగర యాత్రను దృష్టాంతముగా తీసికొని ఈ విషయమును గ్రహింపవచ్చును.

లిస్బన్ పోర్చుగల్ దేశమునకు రాజధాని. ఐరోపా ఖండపు నైరృతి మూలన, తాగస్ నది అట్లాంటిక్ మహాసముద్రమును చేరు చోట, నదికి ఉత్తరపు ఒడ్డున ఈ నగరము వెలసినది. ఇది ఏడు కొండలపై కట్టబడినదని ప్రతీతి. నది ఇచ్చట సరస్సువలె వెడల్పై యుండుటచే పెద్ద ఓడలకు పూర్వమునుండియు మంచి రేవుగా ఉపయోగపడినది. ఈ నగరమునకు సిరి వచ్చినదియు సముద్రమునుండియే. ఆపద వచ్చినదియు సముద్రమునుండియే.

హైదరాబాదులోని ఒక కుటుంబము వేసవి సెలవులలో ఈ నగరమును మొదటిసారిగా చూడదలచినదని అనుకొనవచ్చును. తండ్రి, తల్లి, ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె, అరువదియైదేండ్ల అమ్మమ్మ ఆ కుటుంబమువారు. వారు మే నెలలో ఒక శనివారము సాయంకాలము లిస్బన్ చేరి, గురువారము ఉదయము తిరుగు విమానము ఎక్కవలెను. అనగా వారికి చిక్కునవి నాలుగు పూర్తి దినములు మాత్రమే.

ప్రయాణమునకు ముందు

పోర్చుగల్ షెంగెన్ ఒప్పందమున చేరిన దేశములలో ఒకటి. భారతీయులు అచ్చటికి పోవుటకు షెంగెన్ వీసా పొందవలెను. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేసికొనవచ్చును. పదునైదు దినములకంటె ఆలస్యము చేయరాదు. కనీసము 30,000 యూరోల వైద్యవ్యయమునకు సరిపడు బీమా కూడ ఉండవలెను. తండ్రి ఈ పత్రములన్నిటిని సంక్రాంతి పండుగ కాగానే సమకూర్చుట మొదలిడెను. తొందరలో చేసిన దరఖాస్తు తప్పులకు తావిచ్చునని ఆయన ఎఱుగును.

బస ఎచ్చట నుండవలెనను ప్రశ్నకు అమ్మమ్మ మోకాళ్లే సమాధానము చెప్పినవి. కొండమీది బస చౌకగా దొరకినను, దినమునకు రెండుసార్లు ఆ వాలు ఎక్కి దిగుట ఆమెకు సాధ్యము కాదు. నగరపు నడిబొడ్డున బైషా అను సమతలపు పేట కలదు. అచ్చటినుండి సింత్రా పోవు రైలునకును, సముద్రతీరపు రైలునకును నడచి పోవచ్చును. బాడుగ కొంత హెచ్చైనను అచ్చటనే దిగుటకు నిర్ణయించిరి. లిస్బన్ కాలిబాటలు చిన్న చిన్న సున్నపురాతి ముక్కలతో పఱచినవి. జనులు నడచి నడచి అవి నున్నబడినందున వానలో కాలు జారును. కావున పట్టుగల అడుగుభాగము కలిగిన చెప్పులు నలుగురికిని కొనవలెనని తల్లి వ్రాసికొనెను.

ఆహారమును గూర్చి అమ్మమ్మకు కొంత బెంగ కలిగెను. ఐరోపాలో అన్నము ఎక్కువగా తినువారు పోర్చుగీసులే యని తెలిసి ఆమె ఊరట చెందెను. మన వంటలలోని మిరపకాయను అమెరికా ఖండమునుండి తెచ్చి భారతదేశమునకు అందించినదియు వారే. అయినను శాకాహారులు అడిగి తినవలెను. ఆకుకూరలతో చేయు అచ్చటి చారులో కూడ తఱచుగా మాంసపు ముక్క వేయుదురు. భోజనశాలలో అడుగకుండ బల్లపై ఉంచిన రొట్టెకును, ఆలివు కాయలకును తిన్నచో వెల చెల్లింపవలసి యుండును, వలదన్నచో తీసికొనిపోవుదురు.

కుమార్తె కొన్ని పోర్చుగీసు మాటలు నేర్చుకొనెను. కృతజ్ఞత తెలుపునప్పుడు పురుషుడు 'ఒబ్రిగాదు' అనును. స్త్రీ 'ఒబ్రిగాద' అనును. ఆ మాటలు నేర్చుచుండగా ఆమెకు ఒక వింత తెలిసినది. అలమార, అనాస, ఇస్త్రీ, పాదిరి, తువాలు అను మాటలు ఆ భాషనుండి మన భాషలలోనికి వచ్చినవే. లిస్బన్ చూడకమునుపే లిస్బన్ మాటలు వారి యింట నున్నవి.

జాబితాయు, కత్తిరింపును

నలుగురును తమ తమ కోరికలను ఒక నోటుపుస్తకమున వ్రాసిరి. లెక్కింపగా ఇరువది మూడు స్థలములు తేలినవి. అన్నియు చూడవలెనన్నచో దినమునకు ఆరు చోట్లకు పరుగిడవలెను. అప్పుడు తండ్రి ఒక నియమము పెట్టెను: "ఉదయము ఒక ముఖ్యమైన స్థలము, మధ్యాహ్నము ఒక చిన్న స్థలము, సాయంకాలము ఖాళీ." ఖాళీ యెందుకని కుమార్తె అడిగెను. "అలసినవాని కన్ను తెఱచియున్నను చూడదు. అంతేగాక, దారి తప్పినను, రైలు తప్పినను ఆ ఖాళీయే మనలను కాపాడును" అని ఆయన బదులు చెప్పెను.

తరువాత వారములను పరిశీలించిరి. లిస్బన్‌లో అనేక ప్రదర్శనశాలలును, బెలెంలోని జెరోనిమోస్ మఠమును సోమవారము మూసియుండును. కార్మో శిథిలములకు సెలవు ఆదివారము. సింత్రాలోని పేనా భవనము సోమవారము కూడ తెఱచి యుండును. ఈ సంగతులు తెలిసికొనగానే దినముల వరుస తనంతట తానే యేర్పడినది. ప్రాచీన కట్టడములను మరమ్మతులకై నెలల తరబడి మూయుటయు కలదు. కావున బయలుదేరు వారమున మఱల ఒకసారి విచారింపవలెనని అందరును అంగీకరించిరి.

ఆదివారము: కొండపేటయు, నదీతీరమును

మొదటి దినమున నగరమునే చూడవలెను. అల్ఫామా అనునది లిస్బన్‌లో మిక్కిలి పురాతనమైన పేట. ఆ పేరు అరబ్బీ భాషనుండి వచ్చినది. ఈ నగరము శతాబ్దములపాటు ముస్లిముల పాలనలో నుండెను. 1147వ సంవత్సరమున పోర్చుగల్ మొదటి రాజైన అఫోన్సో హెన్రీకెస్ దీనిని ముట్టడించి గైకొనెను. కొండపైనున్న సెయింట్ జార్జి కోట ఆ కథకు సాక్షి. ఇరుకు వీథులలో పోవు పసుపుపచ్చని చిన్న ట్రాములు చూడ ముచ్చటగా నుండును గాని, వానిలో యాత్రికుల రద్దీయు, జేబుదొంగల బెడదయు కలవు. అందుచే కోటవఱకు టాక్సీలో ఎక్కి, అచ్చటినుండి మెల్లగా నడచి దిగుటకు నిర్ణయించిరి. ఎక్కుట యంత్రమునకు, దిగుట కాళ్లకు అని అమ్మమ్మ నవ్వెను.

సాయంకాలము నదియొడ్డునగల విశాలమైన వర్తక చతుష్పథమునకు చేరవలెను. పూర్వము అచ్చట రాజభవనముండెను. భారతదేశముతో జరుగు సుగంధద్రవ్య వ్యాపారమును నడపు కార్యాలయమును దానిలోనే యుండెను. 1755 నవంబరు 1వ తేదీ ఉదయము, పర్వదినమగుటచే చర్చీలు జనముతో నిండియున్న వేళ, గొప్ప భూకంపము సంభవించెను. ప్రాణభీతిచే అనేకులు నదీతీరపు బయలునకు పరుగెత్తిరి. కొంతసేపటికి నీరు వెనుకకు పోయి, పిదప పెద్ద కెరటములై పైబడెను. వెలుగుచున్న దీపములు కూలి మంటలు లేచి దినముల తరబడి నగరమును దహించినవి. వేలకొలది జనులు మరణించిరి.

ఆ విపత్తు పిమ్మట మంత్రి పొంబాల్ నగరమును మఱల నిర్మింపజేసెను. వంకర సందులకు బదులు తిన్నని వీథులు తీర్చెను. గోడలలోపల పంజరమువంటి కొయ్యచట్రములను అమర్చి, కంపనమునకు ఓర్చునట్టి యిండ్లను కట్టించెను. భూమి యెంతసేపు కదలెను, సముద్రము ముందు పెరిగెనా తగ్గెనా అను ప్రశ్నలను దేశములోని ప్రతి గ్రామమునకును పంపి సమాధానములు తెప్పించెను. ఆ సమాధానములు నేటికిని భూకంప శాస్త్రజ్ఞులకు ఉపయోగపడుచున్నవి. కుటుంబమువారు దిగు బైషా పేట అట్లు పుట్టినదే.

సోమవారము: సింత్రా

నగరము వెలుపలికి పోవు మొదటి యాత్ర సింత్రాకు. రోసియో స్టేషనునుండి రైలు సుమారు నలువది నిమిషములలో అచ్చటికి చేర్చును. సముద్రపు తేమగాలి అచ్చటి కొండలను తాకి మేఘమగుటచే, లిస్బన్‌లో ఎండ కాయుచున్నను సింత్రాలో మంచు క్రమ్మియుండవచ్చును. కావున వేసవియైనను ఒక ఉన్నివస్త్రము వెంట నుండవలెను. ఆ చల్లదనము కొఱకే పోర్చుగల్ రాజులు అచ్చట విడిది భవనములు కట్టించుకొనిరి. కొండకొమ్మున ఎఱుపు, పసుపు రంగులతో వెలుగు పేనా భవనమును పందొమ్మిదవ శతాబ్దమున రెండవ ఫెర్డినాండ్ కట్టించెను. 1755 భూకంపమున దెబ్బతిన్న ఒక మఠము స్థలమున అది లేచినది. సింత్రా ప్రాంతము 1995లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

పేనా భవనమున ప్రవేశించుటకు టికెట్టుపై వేళ నిర్ణయింపబడియుండును. ఆ వేళకు చేరవలసినది తోట ద్వారమునకు కాదు, భవనపు ద్వారమునకు. ఈ రెండింటి నడుమ ఎత్తైన దారి కలదు. నడకకు అర్ధగంటవఱకు పట్టవచ్చును. ఈ చిన్న సంగతి తెలియక వేళ తప్పువారు పెక్కురు. తండ్రి ఉదయపు మొదటి వేళలలో ఒకదానికి టికెట్లు కొని, అమ్మమ్మ కొఱకు లోపలి చిన్న బస్సు టికెట్టు కూడ తీసికొనెను.

మధ్యాహ్నము ఎచ్చటికి పోవలెనను విషయమున వాదము పుట్టెను. రెగలైరా తోటలో మెలికలు తిరుగు మెట్లతో భూమిలోనికి దిగు బావివంటి కట్టడమును చూడవలెనని కుమార్తె కోరిక. కాబో ద రోకా అను అగ్రమునకు పోవలెనని తల్లి కోరిక. అది ఐరోపా ప్రధాన భూభాగమునకు పడమటి కొన. అచ్చట సుమారు నూట నలువది మీటర్ల ఎత్తున భూమి తెగి, దిగువన అట్లాంటిక్ ఘోషించుచుండును. రెండును చూడవలెనన్నచో ఖాళీ మిగులదు. కుమార్తె చాలసేపు ఆలోచించి, "భూమి ముగిసిన చోటునే చూతము. ఆ కొన తెలిసినగాని ఈ జనులు సముద్రముపైకి ఏల పోయిరో తెలియదు" అనెను. బావి నోటుపుస్తకపు చివరి పుటకు చేరెను.

మంగళవారము: బెలెం

నదీముఖమునకు చేరువనున్న బెలెం పేటయే ఈ యాత్రకు హృదయము. 1497 జూలై 8వ తేదీన వాస్కో ద గామా నాలుగు ఓడలతో అచ్చటినుండి బయలుదేరి, ఆఫ్రికాను చుట్టి, 1498 మే నెలలో కాలికట్ చేరెను. ఆఫ్రికా తూర్పు తీరమున మలింది రేవులో లభించిన మార్గదర్శియే అతనిని హిందూమహాసముద్రము దాటించెను. అరబ్బులకును గుజరాతీ వర్తకులకును ఆ దారి యంతకుముందే తెలియును. గామాతో వెళ్లినవారిలో సగమునకు పైగా స్వదేశమునకు తిరిగి రాలేదు. అయినను వచ్చిన సరుకుతో, తరువాతి ఓడలు తెచ్చిన మిరియములతో లిస్బన్ సంపన్నమయ్యెను. ఆ వ్యాపారముపై విధించిన పన్నుతో మాన్యుయెల్ రాజు జెరోనిమోస్ మఠమును నిర్మింప నారంభించెను. దాని శిలాస్తంభములపై ఓడత్రాళ్లు, సముద్రపు పాచి, గోళములు చెక్కబడి యున్నవి. గామా సమాధియు, కవి కమోయెంస్ సమాధియు దానిలోనే కలవు.

ఈ దినమును గూర్చి మాటలాడునప్పుడు కుమార్తె ముఖము చిన్నబోయెను. ఆమె యాత్రకై చదివిన చరిత్రలో ఒక సంగతి కనబడినది. 1502లో గామా రెండవసారి వచ్చినప్పుడు, మక్కానుండి తిరిగి వచ్చుచున్న యాత్రికుల ఓడను మలబారు తీరమున పట్టుకొని, స్త్రీలు పిల్లలతో సహా తగులబెట్టించెను. "అమ్మమ్మా, అట్టివాని సమాధిని మనమేల చూడవలెను? ఆ గంటసేపు బావి చూడవచ్చును గదా!" అని ఆమె అడిగెను.

అమ్మమ్మ కొంతసేపు మిన్నకుండి ఇట్లనెను: "చూడకున్నంత మాత్రమున జరిగినది జరుగక పోవునా, తల్లీ? వారు రాతిలో చెక్కినది చూడుము. చెక్కక విడిచినది జ్ఞాపకముంచుకొనుము. అతని ధైర్యమును కాదనకుము; ఆ ఓడను మఱవకుము. రెండును తెలిసినవారే అచ్చట నిలువదగినవారు."

ఆ మాటతో బెలెం జాబితాలో నిలిచినది. నదియొడ్డున 1960లో కట్టిన అన్వేషణల స్మారకము కలదు. ఓడముక్కు ఆకారముగల ఆ కట్టడముపై హెన్రీ రాజకుమారుని వెనుక నావికులు, రాజులు, మతబోధకులు వరుసగా నిలిచియుందురు. గామాకు దారి చూపిన మార్గదర్శి వారిలో లేడు. ఆ ఓడల వెంటనే పెరిగిన బానిస వ్యాపారమున ఆఫ్రికానుండి కొనిపోబడినవారును లేరు.

దానికి చేరువనే పదునాఱవ శతాబ్దపు బెలెం బురుజు కలదు. దానిపై ఒక ఖడ్గమృగపు తల చెక్కబడినది. గుజరాతు సుల్తాను కానుకగా నిచ్చిన ఖడ్గమృగము 1515లో సముద్రముమీదుగా లిస్బన్ చేరెను. జర్మనీలోని చిత్రకారుడు డ్యూరర్ దానిని కన్నులార చూడకయే, వర్ణనను, మఱొకరు గీసిన రేఖాచిత్రమును ఆధారముగా చేసికొని ప్రసిద్ధమైన చిత్రమును గీసెను. పోపునకు కానుకగా పంపబడిన ఆ మృగము మఱుసటి యేట ఓడ మునిగి మరణించెను. దూరదేశమున దిక్కులేక పోయిన ఆ మృగమును తాను తప్పక చూడవలెనని కుమార్తె వ్రాసికొనెను.

బుధవారము: తీరమును, కార్మోయును

చివరి దినమునకు తండ్రి ఎవోరా నగరమును కోరెను. అది లిస్బన్‌కు సుమారు నూట ముప్పది కిలోమీటర్ల దూరమున లోపలి మైదానమున నున్నది. అచ్చట రోమనుల నాటి దేవాలయ స్తంభములు నిలిచియున్నవి. కాని రాకపోకలకే మూడు గంటలకు పైగా పట్టును. మఱునాటి ఉదయమే విమానము. "నా నియమమును నేనే తప్పరాదు" అని ఆయన ఎవోరాను చివరి పుటకు పంపెను.

దానికి బదులు నలువది నిమిషముల దూరముననున్న కాస్కైస్ అను తీరపట్టణమును ఎన్నుకొనిరి. పూర్వము జాలరుల పల్లెయైన ఆ ఊరు పందొమ్మిదవ శతాబ్దాంతమున రాజకుటుంబపు వేసవి విడిది యయ్యెను. రైలు నది వెంట, పిదప సముద్రము వెంట పోవును. పోవునప్పుడు ఎడమవైపున కూర్చున్నచో నది సముద్రముగా మాఱుటను కిటికీనుండియే చూడవచ్చును. అమ్మమ్మకు ఇంతకంటె సుఖమైన దర్శనము లేదు. అట్లాంటిక్ నీరు వేసవిలోను చల్లగా నుండును గనుక స్నానము మాట విడిచి, కాళ్లు తడుపుకొని మధ్యాహ్నమునకు తిరిగి రావలెను.

ఆ మధ్యాహ్నము కార్మో మఠము చూచుటకు. 1755లో దాని పైకప్పు కూలిపోయినది. ఆ కమానులను పూర్తిగా కప్పక నేటికిని ఆకాశము క్రిందనే నిలిపిరి. దాని ముంగిటనున్న చిన్న చతుష్పథమున మఱొక చరిత్ర కలదు. 1926లో మొదలైన నియంతృత్వము 1974 ఏప్రిల్ 25వ తేదీన అంతమొందినప్పుడు, ప్రధానమంత్రి కేటానో ఆ ప్రక్కనున్న సైనికశాలలో తలదాచుకొని, అచ్చటనే లొంగిపోయెను. ప్రజలు సైనికుల తుపాకుల గొట్టములలో ఎఱ్ఱని కార్నేషన్ పూవులు ఉంచిరి. భారతదేశము 1961లో విముక్తము చేసిన గోవాను, మన దేశ భాగమని పోర్చుగల్ అంగీకరించినదియు ఆ మార్పు పిమ్మటనే. 1974 డిసెంబరు 31వ తేదీన ఆ ఒప్పందముపై సంతకములు జరిగినవి. 1497లో బెలెంలో మొదలైన కథ ఒక విధముగా ఈ చతుష్పథమున ముగిసినది.

ఇరువది మూడు స్థలములలో తొమ్మిది మాత్రమే నోటుపుస్తకపు మొదటి పుటలలో నిలిచినవి. తండ్రి ఎవోరాను, కుమార్తె బావిని, తల్లి తాను మిక్కిలి మక్కువపడిన రంగుపలకల ప్రదర్శనశాలను, అమ్మమ్మ రాత్రివేళల ఫాదో గానమును విడిచిరి. విడిచినవారిలో ఎవరును చిన్నబుచ్చుకొనలేదు; ఏలయన ప్రతివారును ఏదియో ఒకటి యితరుల కొఱకు విడిచిరి. పెట్టెలు సర్దిన రాత్రి కుమార్తె పుస్తకము తెఱచి, మంగళవారము పుటలో అమ్మమ్మ మాటను చిన్న అక్షరములతో వ్రాసికొనెను. స్థలముల పేర్లు పటములోనే యున్నవి. ఆ మాట మాత్రము ఏ పటములోను లేదు.

ప్రశ్నలు

1. కుటుంబమువారు బైషా పేటలో బస చేయుటకు గల కారణములేవి?
2. సాయంకాలములను ఖాళీగా ఉంచుటవలన ప్రయోజనమేమి?
3. 1755 భూకంపము పిమ్మట పొంబాల్ చేసిన పనులను వివరింపుము.
4. "చెక్కినది చూడుము, చెక్కక విడిచినది జ్ఞాపకముంచుకొనుము." ఈ మాటలు ఎవరు, ఏ సందర్భమున పలికిరి?
5. నీవు చూడదలచిన ఒక నగరమునకు మూడు దినముల యాత్రా ప్రణాళికను వ్రాసి, దేనిని ఏల విడిచితివో తెలుపుము.